పెట్టె మీద పేరు

చిరంజీవి చిట్టితల్లికి,

మహబూబ్‌నగర్ నుంచి మీ పెద్దనాన్న ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం.

మొన్న రాత్రి మీ నాన్న ఫోనులో చెప్పాడు. సర్పంచిగా ప్రమాణం చేసి నెల తిరగకముందే పంచాయతీ ఆఫీసులో సైనిక కుటుంబాల కాగితాల పనులు చూసేందుకు ఒక బల్ల వేయిస్తున్నావట, నల్లగొండ సైనిక సంక్షేమ కార్యాలయం వాళ్లతో మాట్లాడి వచ్చావట. భోగి నాడు, జనవరి 14న మొదలుపెడతావట. మంచి రోజే చూశావు. మన సైన్యానికి తొలి భారతీయ అధిపతి జనరల్ కరియప్ప 1953లో పదవీ విరమణ చేసిన రోజు అది, మాజీ సైనికుల దినంగా జరుపుతారు. పండుగ సెలవుకు వచ్చిన పిల్లలు కూడా ఊళ్లోనే ఉంటారు. ఫోను పెట్టేశాక సంతోషంతో చాలాసేపు నిద్ర పట్టలేదు. ఆ తర్వాత భయంతో పట్టలేదు.

గ్రామసభలో తీర్మానం చేయించు. ఇంటింటికీ తిరిగి వివరాలు రాయించు. నెలకొక రోజు నల్లగొండ నుంచి మనిషిని పంపమని కలెక్టరును అడుగు, జిల్లా సైనిక బోర్డుకు అధ్యక్షత వహించేది కలెక్టరే. ఇవి నీకు తెలిసినవే. అమరుల పేర్లతో తోరణం కట్టిస్తావని మీ నాన్న గొప్పగా చెప్పాడు. వద్దనను. 2020లో గల్వాన్‌లో ప్రాణమిచ్చిన కర్నల్ సంతోష్ బాబు విగ్రహం ముందు, సూర్యాపేటలో, చెప్పులు విడిచి నిలబడ్డవాడినే నేను. కానీ తోరణం తర్వాత. ముందు కాగితాల మీద పేర్లు సరిచూడు.

ఎందుకంటున్నానో ఇంట్లో ఎవరికీ ఇంతవరకు చెప్పలేదు.

2004లో నేను పక్క మండలంలో పంచాయతీ కార్యదర్శిని. ఆ ఊళ్లో 1971 యుద్ధం చేసి వచ్చిన హవల్దారు ఒకాయన జ్వరంతో పోయాడు. జనన మరణాల రిజిస్టరు నా చేతిలోనే ఉండేది. మూడో రోజు వాళ్లింటికి వెళ్లి, ఊరంతా ఆయనను పిలిచే పేరే రాసుకున్నాను. సర్టిఫికెట్టూ ఆ పేరుతోనే ఇచ్చాను. ఆయన పట్టాళంలో చేరింది బడిలో రాయించిన పేరుతో. కుటుంబ పింఛను కోసం భార్య పంపిన కాగితాలు తిరిగొచ్చాయి, ఈ పేరు గల మనిషి మా రికార్డుల్లో లేడని.

ఆమె ఆ ఉత్తరం తెచ్చి నా చేతికిచ్చింది. చదవగానే తప్పు నాదని తెలిసింది. 1969 నాటి జనన మరణాల చట్టం 15వ సెక్షన్ ప్రకారం, ఆధారం చూసుకుని రిజిస్ట్రారే అంచున సవరణ రాసి, సంతకం, తేదీ వేయవచ్చు. పది నిమిషాల పని. నేను చేయలేదు. ఆడిట్‌లో అడుగుతారని, మెమో వస్తుందని భయపడ్డాను. ఉద్యోగంలో మచ్చ లేదని నాకు గర్వంగా ఉండేది. "మండలాఫీసులో అడుగమ్మా" అని పంపించాను. అక్కడివాళ్లు ఇంకో చోటికి పంపారు. ఏడాదిన్నర తిరిగింది. మేకలు అమ్ముకుంది. ఇంటర్ చదివే కూతురు పత్తి ఏరడానికి పోయింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, తప్పు నాదని ఆమెకు తెలియదు. పంచాయతీ మెట్ల మీద కూర్చుని, నేను బయటికి రాగానే కొంగు సర్దుకుని లేచి నిలబడేది.

ఒక రోజు ఇంటిపన్ను కోసం వాళ్ల వాకిట్లోకి వెళ్లాను. గోడవారగా నల్లటి ఇనుప పెట్టె. ఆయన పట్టాళం నుంచి తెచ్చుకున్నది. మూత మీద తెల్లరంగుతో నంబరు, హోదా, పేరు. ఒక్క అక్షరం చెరగలేదు. ఆ మూడో రోజు నేను కూర్చుని పేరు రాసుకున్నది ఆ పెట్టె మీదే.

ఆ సాయంత్రమే ఆఫీసు తాళం తీసి సవరణ రాశాను. బకాయిలతో సహా పింఛను వచ్చింది. పిల్ల మాత్రం మళ్లీ కాలేజీకి పోలేదు.

అందుకే చెబుతున్నాను తల్లీ. ఎవరింటికి వెళ్లినా డిశ్చార్జి పుస్తకం, పింఛను పత్రం, ఆధార్ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడు. భార్య పేరు మరీ ముఖ్యం. అత్తవారింట పేరు మార్చిన ఆడవాళ్లు మన వైపు ఎంతమంది లేరు! సెలవుకు వచ్చిన పిల్లలను కూర్చోబెట్టి, పెళ్లి, బిడ్డ పుట్టుక రికార్డుకు ఎక్కించారా అని అడుగు. మనిషి ఉండగా ఒక దరఖాస్తుతో అయ్యే పని అది. మీ కార్యదర్శి తప్పు రాస్తే నలుగురిలో కేకలు వేయకు. నీకు మీ తాత కోపం వచ్చింది, నాకు తెలుసు. కేకలు వేస్తే అతను దాస్తాడు, నేను దాచినట్టే.

పింఛను తీసుకునేవాళ్లు బతికే ఉన్నామని ఏటా నవంబరులో ఇచ్చే జీవన ప్రమాణ పత్రం కోసం ముసలివాళ్లను ఆఫీసుకు రప్పించకు. పత్తి ఏరి అరిగిన వేళ్లకు ముద్రలు పడవు. 2021 నుంచి ఫోనులో ముఖం చూపించినా సరిపోతుంది, ఒక కుర్రవాడిని ఇళ్లకే పంపు. సరిహద్దులో ఉన్న పిల్లవాడి పొలం గట్టు మీద కోర్టు తగాదా వస్తే, సైనికుల వ్యాజ్యాల చట్టం 1925 నుంచీ ఉంది, కలెక్టరు ధ్రువపత్రంతో కేసు వాయిదా కోరవచ్చు. అగ్నివీరులకు వేరే పేజీ పెట్టు. నాలుగేళ్లకు పింఛను లేకుండా తిరిగొచ్చేవాళ్లే ఎక్కువ. వాళ్ల చదువు, పని సంగతి ఇప్పుడే రాసిపెట్టుకో.

రాత్రిపూట ఒంటరిగా బండి మీద కొండమల్లేపల్లి దాకా పోయి వస్తున్నావట. మానుకో. తమ్ముడిని వెంట తీసుకుపో. వేళకు తింటున్నావో లేదో కూడా రాయి.

నేను 12న బస్సుకు వస్తాను. పెద్దమ్మ సకినాలు కట్టిస్తోంది. రిజిస్టరు కొని గళ్లు గీశాను: రికార్డులో పేరు, ఊళ్లో పేరు, భార్య పేరు రెండు చోట్లా. ఆ హవల్దారు కూతురిని ఇచ్చింది మన ఊరికే, తల్లి ఇప్పుడు ఆమె దగ్గరే ఉంటోంది. ప్రారంభానికి రమ్మని ఆ తల్లికి కబురు పెట్టకు, ముందురోజు మనమే వెళ్దాం. ఆమెకు నేను చెప్పుకోవలసిన మాట ఒకటి ఉంది. అప్పుడు నువ్వు నా పక్కన ఉండు.

మీ పెద్దనాన్న