తమ్ముడి పేరిట విద్యానిధి: 12 లక్షలతో ఎంతమందిని చదివించవచ్చు?

ప్రశ్న: నేను దేవరకొండలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయురాలిని. వయసు 62. ఎనిమిదేళ్ల కిందట భూమి తగాదాలో నా తమ్ముడిని చంపేశారు. సాక్షులు మాట మార్చడంతో కేసు కొట్టేశారు. వాడి పిల్లలిద్దరూ నా దగ్గరే పెరిగారు. పెద్దమ్మాయి ఉద్యోగం చేస్తోంది, అబ్బాయి నల్గొండలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో 12 లక్షలు పక్కన పెట్టాను. ఇలా నేరాల వల్లనో, కష్టాల వల్లనో ఆసరా పోయిన పిల్లలకు తమ్ముడి పేరిట ఏటా పదిమందికి ఉపకారవేతనం ఇవ్వాలని, అది ఎప్పటికీ ఆగకూడదని నా కోరిక. ట్రస్టు పెట్టాలా? డబ్బు ఎక్కడ దాచాలి? పిల్లలను ఎలా ఎంచుకోవాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ముందుగా ఆపిన మాట మీ మేనల్లుడిది. ఆ అబ్బాయి డిగ్రీ పూర్తి కావడానికి, ఆ తర్వాత పీజీ చేసినా పోటీ పరీక్షలకు శిక్షణ తీసుకున్నా అయ్యే ఖర్చుకు, ఈ 12 లక్షలతో సంబంధం లేకుండా వేరే డబ్బు ఉందో లేదో ముందు చూసుకోండి. మీ ఆరోగ్య అవసరాలకు కూడా కనీసం ఏడాది పింఛనుకు సమానమైన మొత్తం విడిగా ఉండాలి. నిధి మొదలుపెట్టిన రెండో ఏడాదే ఆసుపత్రి బిల్లు కోసం దాన్ని విరగ్గొట్టవలసి వస్తే, మీ మాట నమ్మి కాలేజీలో చేరిన పిల్ల మధ్యలో ఆగిపోతుంది. ఈ రెండూ పోగా 12 లక్షలు నిజంగా మిగులుతాయంటేనే కింద చెప్పేది మీకు వర్తిస్తుంది.

ఇక మీ కోరికలోని రెండు భాగాలు, అంటే ఏటా పదిమందికి ఇవ్వడం, ఎప్పటికీ ఆగకపోవడం, రెండింటి విషయంలోనూ మిమ్మల్ని పునరాలోచించమనే అడుగుతాను. డిపాజిట్ల మీద సగటున 7 శాతం వడ్డీ వస్తుందని, చదువు ఖర్చు ఏటా 5 శాతం పెరుగుతుందని అనుకుందాం. ఖర్చుతోపాటు ఉపకారవేతనం కూడా పెరుగుతూ, అసలు మొత్తం ఎన్నటికీ తరగకుండా ఉండాలంటే మొదటి ఏడాది మీరు ఖర్చు చేయగలిగింది 24,000 రూపాయలే. దాన్ని పదిమందికి పంచితే తలా 2,400 వస్తుంది. అదే 12 లక్షలను పదిహేనేళ్లలో పూర్తిగా వాడేయాలని నిర్ణయించుకుంటే మొదటి ఏడాది సుమారు 97,000 ఖర్చు పెట్టి, ఆ తర్వాత ఏటా 5 శాతం పెంచుకుంటూ పోవచ్చు. తేడా నాలుగు రెట్లు. శాశ్వతంగా ఉండే నిధి పేరును నిలబెడుతుందేమో గానీ, ఇంత మొత్తంతో అది ఏ పిల్లనూ చదివించలేదు. పదిహేనేళ్ల నిధి చదివిస్తుంది. అందుకే రెండోదాన్నే గట్టిగా సిఫారసు చేస్తున్నాను.

పదిమందికి బదులు ఎప్పుడైనా ఇద్దరే ఉండేటట్టు చూసుకోండి. ఆ ఇద్దరినీ డిగ్రీ మొదటి రోజు నుంచి చివరి పరీక్ష దాకా వదలకండి. చందంపేట వైపు తండా నుంచి ఒక అమ్మాయి నల్గొండలో బీఎస్సీకి వచ్చిందనుకోండి. కాలేజీ ఫీజుకు ప్రభుత్వ రీయింబర్స్‌మెంట్ ఉంటుంది. 2023 డిసెంబరు నుంచి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు టికెట్ లేదు. అయినా హాస్టల్లో మెస్ బిల్లు, పరీక్ష ఫీజు, రికార్డు పుస్తకాలు, ఫోన్ రీచార్జి నెలనెలా తరుముతూనే ఉంటాయి. రీయింబర్స్‌మెంట్ డబ్బు ఆలస్యమైతే, బకాయి కట్టేదాకా టీసీ, మెమోలు ఇవ్వబోమని చెప్పే కాలేజీలు ఉన్నాయి. తండ్రి ఉన్న ఇంట్లో ఇది అప్పుతో గట్టెక్కే ఇబ్బంది. తండ్రి లేని ఇంట్లో అదే పెళ్లి మాటగా మారుతుంది. సభలో ఒకసారి చేతికిచ్చే 5,000 రూపాయల చెక్కు ఇక్కడ పెద్దగా పనిచేయదు. నెలకు 3,500 చొప్పున మూడేళ్లు తప్పకుండా వస్తుందన్న భరోసా పనిచేస్తుంది. ఏడాదికి ఒకరికి 42,000, ఇద్దరికి 84,000 అవుతుంది. మిగిలే పదమూడు వేలను ఇలా సర్టిఫికెట్లు ఆగినప్పుడో, జబ్బు చేసినప్పుడో వాడటానికి అట్టిపెట్టండి. ఈ లెక్కన పదిహేనేళ్లలో తొమ్మిది పది మంది పట్టభద్రులవుతారు. మీరు ఒక ఏడాదికి అనుకున్న సంఖ్య అదే, కానీ వీళ్లంతా చదువు ముగించినవాళ్లు.

డబ్బు ఎక్కడ దాచాలన్న ప్రశ్నకు మీ వయసే జవాబు. అరవై దాటినవారికి ఉన్న సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో 30 లక్షల దాకా పెట్టవచ్చు. గడువు ఐదేళ్లు, తర్వాత పొడిగించుకోవచ్చు. వడ్డీ మూడు నెలలకోసారి మీ ఖాతాలో పడుతుంది. 2023 ఏప్రిల్‌లో దీని రేటును 8.2 శాతం చేశారు. కొత్తగా చేరేవారికి ప్రభుత్వం రేటును మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది కాబట్టి చేరే రోజు ఎంత ఉందో పోస్టాఫీసులో అడగండి. ఆ రోజున్న రేటే మీకు ఐదేళ్లూ ఉంటుంది. 8.2 శాతం లెక్కన 12 లక్షల మీద ఏడాదికి 98,400, అంటే మూడు నెలలకు 24,600 వస్తుంది. తొలి సంవత్సరాల్లో అసలు ముట్టుకోకుండానే నిధి నడుస్తుందని దీని అర్థం. మొదటి ఏడాది ఒక్కరినే తీసుకుని రెండో ఏడాది రెండో విద్యార్థిని చేర్చుకుంటే, తొలి ఏడాది మిగిలే యాభై వేల పైచిలుకు ఆ తర్వాత పెరిగే ఖర్చుకు అండగా ఉంటుంది. మొత్తాన్ని ఒకే ఖాతాలో కాకుండా రెండు ఖాతాలుగా వేసుకుంటే, ఎప్పుడైనా గడువుకు ముందే తీయవలసి వచ్చినా కోత ఒక భాగానికే పరిమితమవుతుంది.

ఈ పథకంలో వ్యక్తులు మాత్రమే చేరగలరు, ట్రస్టులు చేరలేవు. ఇప్పుడే ట్రస్టు పెట్టవద్దని నేను చెప్పడానికి ఇది మొదటి కారణం. రెండోది పని భారం. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో దస్తావేజు రిజిస్టరు చేయించాలి, ట్రస్టు పేరిట పాన్ తీసుకోవాలి, ఆదాయపు పన్ను శాఖ వద్ద ధార్మిక సంస్థగా నమోదు చేయించి గడువు తీరినప్పుడల్లా పునరుద్ధరించుకోవాలి, ఏటా రిటర్ను వేయాలి. ఏడాదికి లక్ష కూడా ఖర్చు చేయని నిధికి ఇది మోయలేని బరువు. పన్ను మినహాయింపు పోతుందన్న బెంగ మీకు అక్కర్లేదు. విరాళాల మీద ఇచ్చే 80జీ మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవారికే దక్కుతుంది. కొత్త విధానంలో, పింఛనూ వడ్డీ కలిపి మీ ఆదాయం ఏడాదికి 12 లక్షలు దాటకపోతే మీకు పన్నే పడదు. పుచ్చుకునే పిల్లలకూ ఇబ్బంది లేదు, బంధువులు కానివారి నుంచి ఏడాదిలో అందిన మొత్తం 50,000 లోపు ఉంటే దానిమీద పన్ను లేదు. ముందుముందు మీ పూర్వ విద్యార్థులు, సహోద్యోగులు తామూ చందా వేస్తామంటే అప్పుడు ట్రస్టు గురించి ఆలోచించండి. ఇతరుల డబ్బు మీ సొంత ఖాతాలోకి మాత్రం తీసుకోవద్దు. ట్రస్టు పెట్టిన నాడు కూడా పన్ను శాఖ నమోదు చేతికి వచ్చాకే పెద్ద మొత్తాన్ని అందులోకి బదిలీ చేయండి.

విశ్వవిద్యాలయానికి ఇచ్చి తమ్ముడి పేరిట బంగారు పతకం పెట్టించమని మీకు కొందరు చెప్పవచ్చు. అది గౌరవమైన పనే. కానీ పతకం మొదటి ర్యాంకు వచ్చినవారికి వెళుతుంది. మీరు వెతుకుతున్న పిల్ల ఆ ఏడాది పరీక్షకు కూర్చోగలిగితే అదే గొప్ప.

ఎంపిక విషయంలో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. దరఖాస్తుతోపాటు ఎఫ్ఐఆర్ నకలు అడగవద్దు. తన ఇంట్లో ఏం జరిగిందో పిల్ల చేత పేజీల కొద్దీ రాయించవద్దు. ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయులో, గురుకులం ప్రిన్సిపాలో, జిల్లా బాలల పరిరక్షణ విభాగం వారో ఇచ్చిన ఒక్క లేఖ చాలు. నేరం రుజువు కావాలన్న షరతు అసలే పెట్టవద్దు. కేసు కొట్టేసినంత మాత్రాన ఇంట్లో లోటు తీరదని మీకు వేరే చెప్పాలా? తండ్రి జైల్లో ఉన్న పిల్లలు దరఖాస్తు చేస్తే ఏం చేస్తారో కూడా ముందే తేల్చుకోండి. అది మీ మనసుకు సంబంధించిన సంగతి, నేను నిర్ణయించేది కాదు. అయితే ఆ పిల్లలు చేసిన నేరమేమీ లేదు కనుక వారికీ చోటు ఉండాలని కోరుకుంటాను. ఎంపికకు ముగ్గురు చాలు: మీరు, బంధువు కాని ఒక మహిళా అధ్యాపకురాలు, ఊరి రాజకీయాలతో సంబంధం లేని మరొకరు.

సభ పెట్టి ఫొటోలు తీసి పత్రికలకు ఇవ్వడం ఈ నిధికి తగదు. లైంగిక నేరాల బాధితుల వివరాలు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత ప్రకారం, పిల్లల విషయంలో పోక్సో చట్టం ప్రకారం కూడా నేరమే. మిగతా పిల్లలకు చట్టం అడ్డు లేకపోయినా, తరగతిలో అందరూ తనను ఫలానా కేసు పిల్లగా గుర్తుపెట్టుకోవడం ఎవరికి ఇష్టం? విద్యార్థికి రాసే ఉత్తరంలో మీ తమ్ముడి పేరు, ఆయన ఎలాంటివాడో నాలుగు వాక్యాలు ఉంటే ఆ స్మరణ చేరవలసిన చోటికి చేరుతుంది. హాస్టల్ రుసుము నేరుగా హాస్టల్‌కే కట్టండి, మిగిలింది విద్యార్థి సొంత బ్యాంకు ఖాతాకే పంపండి. ఇంటి పెద్దల ఖాతాకు వెళ్లిన డబ్బు ఇంటి అప్పులకే పోతుంది, అందుకు వారిని తప్పుపట్టలేం కూడా.

మీ నిధి ఇచ్చే ముందు, ఆ కుటుంబం ప్రభుత్వం నుంచి పొందవలసింది పొందిందో లేదో అడిగి చూడండి. బాధితుల పరిహారానికి నల్గొండలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చు. నేరస్థుడెవరో తేలని కేసుల్లోనూ ఆ దారి ఉంది. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక నిబంధనల కింద వచ్చే హత్య కేసుల్లో, మృతుడి పిల్లలకు డిగ్రీ దాకా పూర్తి చదువు ఖర్చు ప్రభుత్వమే భరించాలని రాసి ఉంది. ఆ సంగతి చాలా కుటుంబాలకు తెలియదు. తండ్రి చనిపోయిన నిరుపేద పిల్లలకు బాలల సంరక్షణ పథకమైన మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 స్పాన్సర్‌షిప్ ఉంది, కానీ అది పద్దెనిమిదేళ్లు నిండగానే ఆగిపోతుంది. సరిగ్గా ఇంటర్ అయిపోయి డిగ్రీలో చేరే వేళ అది. మీ డబ్బు అందుకోవలసింది అక్కడే. పదో తరగతి పిల్లలకు చిన్న చిన్న మొత్తాలు పంచడం కన్నా, ఇంటర్ పూర్తయిన పిల్లలకే ఈ నిధి అని నియమం పెట్టమనడానికి కారణం ఇదే. దోస్త్ (తెలంగాణ డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ ప్రవేశ విధానం) ద్వారా ప్రవేశాలు మొదలయ్యేలోపు, అంటే ఏప్రిల్, మే నెలల్లోనే ఎంపిక పూర్తి చేస్తే ఏ కాలేజీ, ఏ హాస్టల్ అన్న నిర్ణయంలో కూడా మీరు సాయపడగలరు.

చివరిగా వీలునామా. సేవింగ్స్ ఖాతాలో నామినీగా ఎవరి పేరు రాసినా, ఆ నామినీ డబ్బు తీసుకుని వారసులకు అప్పగించవలసినవారే తప్ప యజమాని కారు. మీకు ఏదైనా జరిగితే ఈ 12 లక్షలు వారసుల మధ్య పంపకంలో కలిసిపోతాయి. అందువల్ల అప్పటికి చదువుతున్న విద్యార్థుల కోర్సు పూర్తయ్యేదాకా వారికి డబ్బు చెల్లించాలని, మిగిలినదాన్ని ఫలానా విధంగా వాడాలని, అమలు చేసే బాధ్యత ఫలానా వారిదని వీలునామాలో స్పష్టంగా రాయండి. మీ మేనకోడలు సంపాదనలో ఉంది, తండ్రి పేరిట జరిగే పని కాబట్టి ఆ బాధ్యతకు ఆమెకన్నా తగినవారు నాకు కనిపించడం లేదు. అయితే ముందు ఆమెను అడగండి, ఆమె ఒప్పుకున్నాకే రాయండి. ఇద్దరు సాక్షుల సంతకాలుంటే వీలునామా చెల్లుతుంది. రిజిస్టరు చేయించడం తప్పనిసరి కాకపోయినా, దేవరకొండలోనే ఆ పని చేయించుకుంటే రేపు ఎవరూ దాన్ని ప్రశ్నించే అవకాశం తగ్గుతుంది.