ట్రూస్, ఆర్మిస్టిస్, పీస్: ఏది ఏమిటి?

ప్రశ్న: సీజ్‌ఫైర్, ట్రూస్, ఆర్మిస్టిస్ అన్నిటినీ పత్రికలు 'కాల్పుల విరమణ' అనే రాస్తున్నాయి. తేడా లేదా? పీస్ అన్న మాట ఎక్కడిది?

జవాబు: తేడా ఉంది, చెరిపేయకూడదు కూడా. సీజ్‌ఫైర్ అంటే కాల్పులు ఆపడం, అంతే. ఆర్మిస్టిస్ అంటే యుద్ధాన్నే నిలిపే లిఖిత ఒప్పందం. లాటిన్‌లో 'ఆర్మా' ఆయుధాలు, 'స్టిటియం' నిలిచిపోవడం. సూర్యుడి అయనాన్ని చెప్పే 'సోల్‌స్టిస్'లో ఉన్నదీ ఆ తోకే. మొదటి ప్రపంచయుద్ధంలో ఆర్మిస్టిస్ 1918 నవంబరు 11న అమలైంది. జర్మనీతో శాంతి కుదిర్చిన వెర్సాయ్ సంధి మీద సంతకాలు పడింది మాత్రం 1919 జూన్ 28న. కొరియాలో 1953 జులై 27 నాటి ఆర్మిస్టిసే ఇప్పటికీ నడుస్తోంది, శాంతి సంధి కుదరనే లేదు. అక్కడ 'శాంతి ఒప్పందం' అని రాస్తే తప్పు.

ట్రూస్ అంటే కొంతకాలం పోరు ఆపుదామని రెండు పక్షాలూ మాటిచ్చుకోవడం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట ఇది. పాత ఇంగ్లీషులో ఇచ్చిన మాట, నమ్మకం అనే అర్థమున్న పదం నుంచి పుట్టింది; 'ట్రూ', 'ట్రస్ట్' దీని చుట్టాలు. చివరి 'స్' ఒకప్పటి బహువచన ప్రత్యయం, ఇప్పుడది పదంలో కలిసిపోయింది.

పీస్ లాటిన్ 'పాక్స్' నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. ఒప్పందమనే 'పాక్ట్' దీనికి తోబుట్టువు. డబ్బు చెల్లించే 'పే' కూడా ఈ ఇంటిదే: అప్పులవాణ్ణి శాంతింపజేయడం అన్నమాట.

స్పెల్లింగ్ జాగ్రత్త. 'పీస్ ఆఫ్ మైండ్' ఇ, ఏతో రాస్తే మనశ్శాంతి. ఐ, ఇతో రాసి 'గివ్' చేర్చారంటే చీవాట్లు పెట్టడం.