ఐడి ఉంది కానీ నల్ వస్తోంది, ఎందుకు?

ప్రశ్న: అన్నా, మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో జావా మీద పని చేస్తున్నా. డేటాబేస్ మైఎస్‌క్యూఎల్, దాని టేబుళ్లని జావా ఆబ్జెక్టులుగా ఇచ్చే లైబ్రరీ హైబర్నేట్. ఏ టేబుల్లో ఏం మారినా ఒకటే ఆడిట్ టేబుల్లో పడేలా కామన్ కోడ్ రాయమన్నారు. కస్టమర్ క్లాసులో కీ (రోని గుర్తుపట్టే విలువ) పేరు ఐడి, ఇన్‌వాయిస్‌లో బిల్‌నో, బ్రాంచ్‌లో రెండు కాలమ్స్ కలిపి కీ. అందుకని రిఫ్లెక్షన్‌తో, అంటే ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడే క్లాసు లోపలికి తొంగిచూసి, ఐడి యానొటేషన్ (ఇదే కీ అని చెప్పే గుర్తు) ఉన్న ఫీల్డ్ వెతికి విలువ తీస్తున్నా. చాలావాటికి బానే వస్తోంది, ఇన్‌వాయిస్‌లోంచి కస్టమర్‌ని తీసినప్పుడు మాత్రం నల్ (ఖాళీ విలువ) పడుతోంది, టేబుల్లో చూస్తే రో ఉంది! ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: తమ్ముడూ, ఆ కస్టమర్‌కి లేజీ లోడింగ్ (అవసరమైనప్పుడే డేటా తెచ్చే పద్ధతి) పెట్టావ్ కదా, చూసుకో. అక్కడ నీ చేతికొచ్చింది అసలు కస్టమర్ కాదు, హైబర్నేట్ అప్పటికప్పుడు తయారుచేసిన ప్రాక్సీ, సినిమాలో ఫైట్‌కి హీరో బదులు దూకే డూప్ లాంటోడు. డూప్ జేబులో చెయ్యి పెడితే హీరో పర్సు దొరుకుతుందా? వాడి ఫీల్డులన్నీ ఖాళీ, ఐడి మాత్రం లోపల వేరే చోట దాచుకుని ఉంటాడు. గెట్‌క్లాస్ ప్రింట్ చేసి చూడు, కస్టమర్ పక్కన డాలర్ గుర్తూ, హైబర్నేట్‌ప్రాక్సీ అనే తోకా కనిపిస్తాయి. అయినా రిఫ్లెక్షన్‌తో ఐడి వెతకడం నాకు మొదట్నుంచీ నచ్చదు, రేపు ఎవరో కీని పేరెంట్ క్లాసులోకి మార్చారంటే మళ్లీ మొదటికొస్తావ్.

హైబర్నేట్ లాంటివి పాటించే జావా ప్రమాణం జేపీఏ, 2009లో వచ్చిన దాని 2.0 వెర్షన్‌లోనే దీనికి సొంత దారి ఉంది. ఎంటిటీమేనేజర్‌ఫ్యాక్టరీ దగ్గర గెట్‌పర్సిస్టెన్స్‌యూనిట్‌యుటిల్ అని పిలువు, వచ్చినదాని మీద గెట్‌ఐడెంటిఫైయర్‌కి నీ ఆబ్జెక్ట్ ఇవ్వు, అంతే. ఫీల్డ్ పేరు ఐడి అయినా బిల్‌నో అయినా దానికి ఒకటే, ప్రాక్సీ ఇచ్చినా హైబర్నేట్ డేటాబేస్ దాకా పోకుండానే కీ చెప్పేస్తుంది, సెషన్ (డేటాబేస్‌తో హైబర్నేట్ పనిచేసే విడత) మూసేశాక చేతిలో మిగిలిన ఆబ్జెక్టుకీ పనిచేస్తుంది. హైబర్నేట్ సెషన్‌లో కూడా గెట్‌ఐడెంటిఫైయర్ ఉంది, పేరు చూసి రెండూ ఒకటే అనుకోకు, ఆబ్జెక్ట్ ఆ సెషన్‌లో లేకపోతే అది ఎక్సెప్షన్ కొడుతుంది.

ఇక కొత్త రో సంగతి. మైఎస్‌క్యూఎల్‌లో ఆటో ఇంక్రిమెంట్, అంటే ఐడెంటిటీ పెట్టావంటే ఇన్సర్ట్ జరిగాకే నంబర్ పుడుతుంది. ఆడిట్ కోడ్ ప్రీపర్సిస్ట్‌లో (సేవ్‌కి ముందు నడిచే చోట) రాస్తే అక్కడ నల్ రావడం న్యాయమే, ఇన్సర్ట్ అయ్యాక నడిచే పోస్ట్‌పర్సిస్ట్‌లోకి మార్చు. పోస్ట్‌గ్రెస్‌లో సీక్వెన్స్ వాడేవాళ్లకి ఇన్సర్ట్ కంటే ముందే నంబర్ చేతికొస్తుంది. ఇంకోటి, మెర్జ్ (నీ ఆబ్జెక్ట్‌లోని విలువల్ని సెషన్‌లోని కాపీలోకి ఎక్కించడం) చేసినప్పుడు తిరిగొచ్చిన ఆబ్జెక్ట్‌నే వాడు, నువ్విచ్చింది కొత్తదైతే దాంట్లో ఐడి పడదు, జేపీఏ మీద నడిచే స్ప్రింగ్ డేటా లైబ్రరీలో సేవ్ కొట్టినా తిరిగొచ్చిన దాన్నే వాడు.

ఇన్సర్ట్ అయ్యాక సెలెక్ట్ మ్యాక్స్ ఐడి కొడితే సరిపోతుంది కదా అని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినకు. అమీర్‌పేట్‌లో కోర్స్ చేసి కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు నేనూ ఒకచోట ఫీజు కౌంటర్ల సాఫ్ట్‌వేర్‌కి అదే రాశా, టెస్టింగ్‌లో ఒక్కణ్నే కాబట్టి బ్రహ్మాండంగా నడిచింది, అసలు రోజు రెండు కౌంటర్లలో ఒకేసారి సేవ్ నొక్కేసరికి ఒకరి రసీదు మీద ఇంకొకరి నంబర్ పడింది, సాయంత్రం దాకా రసీదులు పట్టుకుని లైన్లో జనం.

బ్రాంచ్ లాంటి రెండు కాలమ్స్ కీకి గెట్‌ఐడెంటిఫైయర్ ఒక కీ ఆబ్జెక్ట్ ఇస్తుంది, అంకె కాదు. ఆ కీ క్లాసులో ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ ఎలాగూ రాయాలి, పనిలో పనిగా టుస్ట్రింగ్ కూడా రాసెయ్, లేదంటే ఆడిట్ టేబుల్లో క్లాస్ పేరూ, ఎట్ గుర్తూ, ఏవో పిచ్చి అక్షరాలూ పడతాయి, అది చూసి మీ మేనేజర్ ఏమంటాడో నాకంటే నీకే బాగా తెలుసు.