బిడ్డ దగ్గరికి పోతే చెకింగుకు పోయినట్టు పోవద్దు

"మా అబ్బాయి ఏడాది వాలంటీర్ పని మీద ఆఫ్రికా పోయిండు. మేము పోయి చూసి రావచ్చునా, వానికి ఇబ్బంది అయితదా?" అని అడిగిన్రు. ఇబ్బంది అయితది. అయినా పోండి.

నేను ఆర్టీసీల 31 ఏండ్లు కండక్టర్ చేసి రిటైరైన, హన్మకొండల ఉంటం. మా చిన్నబిడ్డ హైదరాబాద్‌ల మంచి కంప్యూటర్ నౌకరి ఇడిసిపెట్టి, కెన్యాల కిసుము దగ్గర ఒక బడిల లెక్కలు చెప్పటానికి ఏడాది పోయింది. జీతం లేదు, తిండి, ఉండటానికి ఒక అర్ర, అంతే. పోయిన మే నెలల నేనూ మా ఇంటామె పదహారు రోజులు ఉండి వచ్చినం.

ముందుగాల ఎల్లో ఫీవర్ టీకా సంగతి చూసుకోండి. హైదరాబాద్ నారాయణగూడల ఐపీఎం అనే సర్కారు సంస్థల వేస్తరు, ప్రయాణానికి పది రోజుల ముందే కావాలె. అరవై దాటినోళ్ళు డాక్టర్‌ను అడిగే వేసుకోవాలె, నాకు 61 కాబట్టి నన్ను మూడు ప్రశ్నలు ఎక్కువ అడిగిన్రు. టీకా వేసినంక ఇచ్చే పసుపు కార్డు పాస్‌పోర్టుల పెట్టుకునుడు మర్చిపోవద్దు. తిరిగొచ్చేటప్పుడు కార్డు లేకపోతే మన ఎయిర్‌పోర్టుల్నే ఆరు రోజుల దాక పక్కకు కూసుండబెడ్తరు.

రెండోది, ప్లాస్టిక్ కవర్లు. మా ఇంటామె నాలుగు రోజులు కూసుండి సకినాలు చుట్టింది. కవర్లల్ల కట్టి, మూతులు దారంతోని బిగించి, మీద రబ్బర్లేసి తయారు పెట్టినంక బిడ్డ ఫోన్ చేసి "అమ్మా, కవర్లు తేవద్దు, ఇక్కడ 2017 నుంచి బంద్" అన్నది. రాత్రి పదకొండింటికి మళ్ళ అన్నీ విప్పుడు. తొక్కు సీసల్లకు, సకినాలు పాత దోతి గుడ్డల్లకు పోయినయి. గుడ్డల కట్టినయి దారిల సగం ఇరిగిపోయినయి, అది తర్వాత చెప్త.

ఇగ అసలు ముచ్చట. ఊర్లె పోయేటందుకు అక్కడ మటాటు అని వ్యాన్లుంటయి. పద్నాలుగు సీట్లది, నడుముకు పసుపుపచ్చ పట్టీ. మేమెక్కిన దాంట్ల పద్దెనిమిది మందిమి లెక్కపెట్టిన. లెక్కపెట్టకుండ ఉండలేను, అలవాటు. వాళ్ళ భాషల కండక్టర్‌ను కొండక్టా అనే అంటరు, ఆ మాట ఇన్నప్పుడు నాకు మస్తు సంబురమైంది. పిలగాడు తలుపుల నిలబడి, నోట్లు నిలువుగ మడిచి వేళ్ళ సందుల పెట్టుకున్నడు, అచ్చం మా లెక్కనే. అరచేత్తోని బండి మీద రెండు దెబ్బలు కొడితే డ్రైవర్ కదిలిస్తడు. మా డబుల్ బెల్ అన్నట్టు. కానీ టికెట్ లేదు, టికెట్ల లెక్క రాసే ఎస్సార్ కాగితం లేదు. అది చూసి నా పాణం కొట్టుకున్నది.

సగం దారిల వాన మొదలైంది. ముందు వంద షిల్లింగులన్నోడు నూటయాబై అన్నడు. నాకు కోపమొచ్చింది. "వై ఎక్స్‌ట్రా? టికెట్ చూపియ్" అని ఇంగ్లీషు, హిందీ, తెలుగు అన్ని కలిపి గట్టిగనే అరిచిన. బండి మొత్తం నా దిక్కు మళ్ళి చూసింది. కొండక్టా ఏమనలేదు, మా బిడ్డ మొహం చూసిండు. ఆమె వాళ్ళ భాషల నాలుగు మాటలు చెప్పి నవ్వింది, వాడూ నవ్విండు, ముగ్గురి పైసలు ఫోన్ల నుంచే కట్టింది. ఎం-పెసా అంటరు, 2007 నుంచే ఉన్నదట. పెసా అంటే మన పైసనే.

నన్ను మాత్రం మెల్లగ అన్నది. "బాపు, వాన పడితే ఇక్కడ కిరాయి పెరుగుతది. అందరూ ఇస్తున్నరు. నువ్వు ఊకో. రేపు మళ్ళ నేను ఇదే బండ్ల పోవాలె."

దిగేదాక నేను నోరు తెర్వలేదు.

ఎందుకంటే అది మొదటిసారి కాదు. వచ్చిన మూడు రోజుల్ల నేను చేసిన పనులు చెప్త. తలుపు గొళ్ళెం ఊపి చూసిన. దోమతెరల బొక్కలు లెక్కపెట్టిన. పప్పు డబ్బా మీద తారీఖు చదివిన. బడికి పోయి హెడ్మాస్టర్‌ను "సర్టిఫికెట్ ఇస్తరా?" అని అడిగిన, ఆయన పాపం ఏం చెప్పాల్నో తెలువక ఛాయ్ తెప్పిచ్చిండు. ఆ రోజు పొద్దుమూకంగ బిడ్డ నాతోని మాట్లాడలేదు. 31 ఏండ్లు నేను చెకింగ్ స్క్వాడ్ జీపు కనపడితే చెమటలు పట్టినోణ్ణి. దొంగతనం చేసి కాదు, ఒక్క పిల్లగాని హాఫ్ టికెట్ తప్పిపోయిందేమో అని. ఆ చెకింగోనిలెక్కనే బిడ్డ ఇంట్ల దిగిన.

మా ఇంటామె తెలివైంది. రెండో రోజే ఇల్లుగలామె పక్కన పీట వేసుకొని సుకుమా ఆకు తెంపుకుంట కూసున్నది. ఒకరి భాష ఒకరికి రాదు. సుకుమా వికి అంటే "వారాన్ని నెట్టు" అనట. జీతమొచ్చేదాక నెట్టుకొచ్చే కూర. దానితోని ఉగాలి పెట్టిన్రు. మా ఇంటామె బొటనవేలుతోని ముద్దల గుంట చేసి, కూర అద్దుకొని తిని, "ఇది మక్క గట్కనే కదా, జర గట్టిగ చేసిన్రు" అన్నది. విక్టోరియా సరస్సుల పట్టిన చిన్న ఎండుచేపలు గూడ వేసిన్రు, ఎండాకాలం మా ఊర్లె అంగట్ల వచ్చే వాసనే. అప్పటిసంది ఆ ఇంట్ల ఆమెకు పనున్నది, నాకు లేదు. పనిలేని మనిషే చెకింగ్ చేస్తడు, రాసిపెట్టుకోండి.

చుట్టాల గురించి ఒక మాట. అప్పు చేసి అమెరికాల ఎమ్మెస్‌కు పోతే పేట మొత్తం స్వీట్లు తింటది. ఊకెనే పోయి పోరగాళ్ళకు లెక్కలు చెప్తే "బిడ్డకు మతి ఏమన్న..." అని అడుగుతరు. 1901ల కిసుము దాక రైలు పట్టాలేసినోళ్ళల్ల ఎక్కువ మంది మన దేశం నుంచి పోయిన కూలీలే. అప్పుడు పోయినోళ్ళను ఎవ్వరన్న పిచ్చోళ్ళన్నరా? మా బావమర్ది అయితే నేను దిగినంక మొదలు అడిగింది "సింహం చూసినవా?" అని. మేము పోయింది బడికయ్యా.

కొడుకు దగ్గరికి పోయినా గిదే సంగతి, బిడ్డలైతే మొహం మీదనే చెప్తరు, కొడుకులు లోపల పెట్టుకుంటరు, అంతే తేడా. వాని ఇంట్ల ఏదన్న పని దొరికిచ్చుకోండి. నేను నాలుగో రోజునుంచి బడిల గంట కొట్టిన. అడిగి కాదు, గంట కొట్టే ఆయనకు జరమొచ్చింది. "బాబా మ్వాలిము" అని పిలిచిన్రు, టీచర్ వాళ్ళ నాయన అన్నట్టు.

సకినాల సంగతి చెప్త అన్న కదా. గుడ్డల కట్టద్దు, స్టీలు డబ్బల పెట్టుకోండి. అయినా సగం పొడే అయితయి. పిల్లలు చేతులు చాపి పొడి గూడ తిన్నరు.