మందు పునాది తరవాతే కొట్టించు, అమ్మణ్ణీ

అమ్మణ్ణీకి,

గోవిందరాజస్వామి గుడి వెనకాల ఉండే మీ తాత ఇంటిని అమ్మేది లేదని, బాగు చేయించి కార్తీకంలో పాలు పొంగిస్తానని నువ్వు గట్టిగా చెప్పినావంట. మీ అమ్మ ఫోన్లో చెప్తా ఉంటే నాకు కడుపు నిండిపోయింది. ఆ వెంటనే ఇంగో మాట చెప్పింది. చెదల మందోళ్లకు వచ్చే వారానికి అడ్వాన్సు ఇచ్చేసినావంట, పునాది సంగతి బేల్దారి తరవాత చూస్తాడంట. ఆ మాటకు రాత్రంతా నిద్ర పట్టలేదు. ఫోన్లో చెప్తే సగం గాలికి పోతాది, అందుకే రాస్తా ఉండా. ముందు ఆ వారాన్ని ఆపు. అడ్వాన్సు పోతే పోనీ.

అది ఏ చెదో మొదట చూసుకో. గోడ మీద మట్టి గీతలు, ద్వారబంధం వెనక తడి మట్టి పూత ఉంటే అది నేల చెద. మట్టి అనేదే లేకుండా కొయ్య కింద గసగసాల మాదిరి గట్టి గింజలు రాలతా ఉంటే అది పొడి కొయ్య చెద. దానికి నేలలో ఎన్ని లీటర్లు పోసినా దండగే, వైద్యం కొయ్యకే చెయ్యాల. మట్టి గీతను రెండంగుళాలు గీకేసి పక్కన పెన్సిలుతో తేదీ రాయి. నాలుగైదు దినాల్లో మళ్లా కట్టుకుంటే గుంపు ఆ దారిలోనే తిరగతా ఉండాదని అర్థం. కట్టుకోకుంటే చచ్చిందని సంబరపడొద్దు, దారి మార్చింటాది.

ఇంగ ఇంటి సంగతి. దాని పునాది బండరాళ్లు, మట్టి అడుసు. లోతు మూడడుగులు దాటదు. పైన టేకు దంతెలు, ఇటికెల మిద్దె, కింద కడప బండలు. రాళ్ల నడుమ అడుసును ఎలకలు తోడేసింటాయి, వాననీళ్లు కడిగేసింటాయి. చెదకు మిల్లీమీటరు కూడా లేని సందు చాలు. అట్లాంటి పునాదిలో దానికి రాజబాటలే ఉంటాయి. కుంగిన పునాదికీ చెదకూ మూలం ఒకటే, గోడ మొదట్లో నిలిచే నీళ్లు. తడి చేరితే మట్టి మెత్తబడి గోడ కుంగతాది, అదే తడి చెదకు ఊపిరి. వీధిలో సిమెంటు రోడ్డు వేసినప్పుడల్లా పాతదాని మీదనే వేస్తా పోయినారు. ఇప్పుడు మీ గడప కంటే రోడ్డే ఎత్తు. మిద్దె మీది నీళ్లు తూములోనుంచి నేరుగా గోడ పాదానికే పడతాయి. పెరట్లో బాత్రూం పైపు కారతా ఉండాదని మీ అమ్మే చెప్పింది. ఇవి బాగు చెయ్యకుండా మందు కొట్టిస్తే, కుండకు చిల్లి ఉంచి నీళ్లు పోసినట్టే.

కాబట్టి తూముకు పైపు తగిలించి నీళ్లను గోడకు దూరంగా వదులు. గోడ నుంచి మూడడుగుల దాకా నేల బయటికి వాలాల, అడుగుకు అరంగుళం చొప్పున. పైపు మార్పించు. గోడకు ఆనించిన పూలమొక్కల మట్టి, కట్టెల మోపు, కొబ్బరి మట్టలు, పాత తలుపు చెక్కలు అన్నీ తీసెయ్యి. ఇవన్నీ ఒక్క వారం పని.

కిటికీ మూల నుంచి ఏటవాలుగా దిగిన బీటల్ని మాత్రం తొందరపడి పూడ్పించొద్దు. అది ఇంకా కదలతా ఉండాదా, ఎప్పుడో కుంగి ఆగిపోయిందా తెలియాల. పల్చటి గాజు ముక్కను బీటకు అడ్డంగా పెట్టి, రెండు చివర్లా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించి, తేదీ రాసి వదిలెయ్యి. గోడ కదిలితే గాజు పగలతాది. మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏర్లయి పారింది నువ్వూ చూసినావు. ఆ మూడు నెలలూ గాజు నిలిస్తే సగం భయం తీరినట్టే. బీట అయిదు మిల్లీమీటర్లు దాటినా, గాజు పగిలినా బేల్దారి మాట కాదు, స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిపించి చూపించు. కార్తీకం సరిగ్గా ఆ వానల్లోనే వస్తాది కదా తల్లీ, ముహూర్తం పెట్టే ముందు ఆకాశం వైపు ఎవరూ చూడలేదా? వైశాఖంలో పెట్టుకోండి.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తా. దీని కోసమే ఈ జాబు.

చిత్తూరులో నేను దగ్గరుండి బాగు చేయించిన ఒక ఇల్లు, మీ ఇంటి మాదిరిదే. ఈశాన్యం మూల కుంగింది. ఇంటాయన చెదలతో విసిగిపోయి ఉన్నాడు, నేను ముందు మందు పని పెట్టించినా. మే నెల, నేల పొడిగా ఉండాది, బొక్కలు కొలత ప్రకారం వేసినారు, మందు తాగినంత తాగించినారు. పనిలో వంక పెట్టేదానికి లేదు. రెండు నెలల తరవాత ఆ మూల పునాదికి కింద కాంక్రీటు ఎత్తే పని మొదలయింది. నాలుగడుగుల లోతు తవ్వినారు. తవ్విన మట్టి ఏది? మందు తాగిన మట్టి. దాన్ని ట్రాక్టరులో వేసి పంపించేసినారు. గుంత పూడ్చింది యాడనుంచో తెచ్చిన మట్టితో, పగిలిన ఇటికెలతో. మూడు వైపులా కోట కట్టి నాలుగో వైపు తలుపు తీసి పెట్టినాము.

అంతటితో పోలేదు. కాంక్రీటుకు కొట్టిన చెక్కల్లో రెండు పలకలు, నాలుగు కొయ్య మేకులు గుంతలోనే ఉండిపోయినాయి. బయటికి తియ్యమని నేను చెప్పలేదు, వాళ్లు తియ్యలేదు. నేలలో పూడ్చిన కొయ్య అంటే చెదను పిలిచి విస్తరేసినట్టు. ఇంగ మూడోది, అందరూ మరిచిపొయ్యేది. కొత్త కాంక్రీటు ఆరే కొద్దీ కొంచెం ముడుచుకుంటాది. పాత రాతికీ కొత్త కాంక్రీటుకూ నడుమ వెంట్రుకంత సందు వస్తాది. అందుకే కాంక్రీటును రాతి దాకా నింపరు. రెండు మూడంగుళాల ఖాళీ వదిలి, కాంక్రీటు గట్టిపడినాక, ఒకటికి మూడు పాళ్ల సిమెంటు ఇసకను పిడికిట పట్టితే ముద్దయ్యేంత తడి మాత్రం చేసి ఆ ఖాళీలో కూరి కూరి దిమ్మిస్తారు. అది చెయ్యలేదు. గోడ బరువూ సరిగ్గా దిగలేదు, సందూ మిగిలిపోయింది.

మొదటి పెద్ద వానకు దీపాల చుట్టూ ఈసుళ్లు, అంటే రెక్కలొచ్చిన చెదలు, లేచినాయి. ఇంకో నెలకు ఆ సందులోనుంచే, వేలంత లావు మట్టి గీత నేరుగా దేవుడి గది ద్వారబంధానికి ఎక్కింది. గ్యారంటీ కాగితం తీసుకొని పోతే, ‘మందు వేసిన నేలను తవ్వితే గ్యారంటీ చెల్లదు’ అని రెండో పేజీలో అచ్చేసి ఉండాది. వాళ్లది తప్పు కాదు. ఆ ఇంటాయన నన్ను ఒక్క మాట కూడా అనకుండా రెండోసారి డబ్బు కట్టినాడు. తిట్టింటే బాగుండేది.

వరస ఇది. నీళ్లు, పునాది, బీటలు, ఆ తరవాత మందు, ఆఖరున కొయ్య, సున్నం. పునాది కింద కాంక్రీటు ఎత్తేటప్పుడు గోడ పొడుగునా ఒకేసారి తవ్వనియ్యొద్దు, మూడు నాలుగు అడుగుల ముక్క తవ్వి, నింపి, ఆరినాక ఒక ముక్క వదిలి ఇంకో ముక్క. మట్టి పునాది పక్కన పొడుగు గుంత తీసినప్పుడు వాన పడితే గోడ మనిషి మీదికే వస్తాది. పని జరిగేటప్పుడు ఆ గోడ పక్క గదిలో మీ అమ్మను పండుకోనియ్యొద్దు. అలవాటు మంచం అంటాది, వినొద్దు.

గుంతల్ని పూడ్చేటప్పుడే మందోళ్లు అక్కడ ఉండాల. పొరపొరకూ మట్టిని తడిపి పూడిస్తే మళ్లా అక్కడ బొక్కలు వేసే పని ఉండదు.

మందు ఏప్రిల్‌లో పెట్టుకో, నేల పొడిగా ఉండేటప్పుడు. తడిసిన నేల మందు తాగదు. పాత ఇండ్లకు లెక్క చెద మందు పనికి ఉండే భారత ప్రమాణం, ఐఎస్ 6313 మూడో భాగంలో ఉండాది, ఆ మాట వాళ్ల ముందర అను, కొంచెం జాగ్రత్తగా చేస్తారు. బయట గోడ వెంబడి సన్న కాలవ తీసి, దాంట్లో జానెడు లోపు దూరంలో కమ్మీతో అడుగు లోతుకు గుచ్చి, మీటరుకు 1.75 లీటర్లు గోడ వైపు పోస్తారు, కాలవ పూడ్చే మట్టికి ఇంకో అర లీటరు. మొత్తం మీటరుకు 2.25. గచ్చు ఉన్న చోట 12 మిల్లీమీటర్ల బొక్కలు, అడుగుకొకటి. లోపల గోడా నేలా కలిసే చోట కూడా అవే బొక్కలు, బొక్కకు లీటరు దాకా. పునాది గోడకు రెండు వైపులా, కిందికి వాలుగా, అట్లనే. ద్వారబంధం గోడలో దిగిన చోట 6 మిల్లీమీటర్ల బొక్క, అర లీటరు.

ఇప్పుడు నువ్వే లెక్క వెయ్యి. ముప్పై, నలభై అడుగుల ఇంటికి చుట్టుకొలత 140 అడుగులు, అంటే దగ్గర దగ్గర 43 మీటర్లు. బయటికే 96 లీటర్లు కావాల. పన్నెండు, పది అడుగుల గదికి 44 బొక్కలు, 44 లీటర్ల దాకా. ఒకడు వీపుకు 16 లీటర్ల డబ్బా తగిలించుకొని వచ్చి అర్ధగంటలో చేతులు కడుక్కుంటే, వాడు చల్లింది మందు కాదు, కళ్లాపి.

మందు ఏదని అడుగు. ఈసీ, ఎస్సీ అని దాని రకం డబ్బా మీద రాసుంటాది. క్లోర్‌పైరిఫాస్ 20 శాతం ఈసీ అయితే లీటరు మందుకు 19 లీటర్ల నీళ్లు. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం ఎస్సీ అయితే లీటరు నీళ్లకు 2.1 మిల్లీలీటర్లు, నూరు లీటర్లకు 210. మీ ఇంటికి నేను రెండోదే ఎంచుకుంటా. బైఫెంత్రిన్ లాంటి మందులు చెదను దగ్గరికి రానియ్యకుండా తరిమేస్తాయి. కొత్త పునాదిలో సందు లేకుండా గోడ కట్టినట్టు పోస్తే అది మంచిదే. రాతి పునాదిలో అట్ల పొయ్యడం ఎవరి చేతా కాదు, తప్పిపోయిన చోటు వెతుక్కొని లోపలికి వస్తాది. ఇమిడాక్లోప్రిడ్‌ను చెద పసిగట్టలేదు, దాంట్లోనే తిరిగి చస్తాది. సీలు నీ కళ్ల ముందరే విప్పించు. మందు కలిపేటప్పుడు ఒక మనిషి నీ తరఫున నిలబడాల. 1968 పురుగుమందుల చట్టం కింద లైసెన్సు ఉండాదా, దాని నకలు ఇస్తారా అనేది అడ్వాన్సు ఇచ్చే ముందు అడగాల్సింది, ఇప్పుడైనా అడుగు.

కడప బండను బొక్క వెయ్యనియ్యొద్దు, సుత్తి డ్రిల్లుకు నిలువునా చీలతాది. బండల అతుకుల్లో వెయ్యమను. ముందు పిడికిలితో తట్టి చూడు, డొల్ల శబ్దం వస్తే కింద మట్టి దిగిపోయింది. అక్కడ పోసిన మందు ఖాళీలో పడి ఒక పక్కకు పారిపోతాది. ఆ బండ లేపి, మట్టి నింపి దిమ్మించి, చదరపు మీటరుకు అయిదు లీటర్ల మందుతో తడిపి మళ్లా పరిపించు. కరెంటు, నీళ్ల పైపులు పొయ్యే దారి సుద్దతో గీసి పెట్టు. పంపు ఒత్తిడి తక్కువగా ఉంచమను. మట్టి అడుసును గట్టిగా కొడితే మందే పునాదిని కడిగేస్తాది.

అన్నిటికంటే నాకు భయం ఆ బావి. వంటింటి వెనక గోడకు దగ్గరగా ఉండాది కదా. రాళ్ల సందుల్లో పంపు చేసిన మందు యాడికి పోతాదో చూసేదానికి కన్ను లేదు, బావి ఒర కూడా రాయీ మట్టే. ఇప్పుడు తాగకపోయినా బట్టలు ఉతుకుతారు, ఎండాకాలంలో పక్కింటోళ్లు చేదుకుంటారు. బావికి పదడుగుల లోపు గోడకు పంపుతో మందు ఎక్కించే మాటే వద్దు. అక్కడ మట్టిని తవ్వి, మందమైన టార్పాలిన్ మీద పోసి, మందు కలిపి, కారకుండా తేమగా అయినాక తిరిగి నింపమను. దానికి వాళ్లు ఒప్పుకోకపోతే ఆ పక్క వదిలెయ్యి, చెద తిని చచ్చే ఎర పెట్టెలు పెట్టించు. నెలలు పడతాది, పట్టనీ. సంపు మూత చుట్టూ తడి గోనె కప్పు. మందు రోజు మీ అమ్మనూ పిల్లోణ్ణీ తెచ్చి మా ఇంట్లో దించు. ఎవరికైనా కళ్లు తిరిగినా, వాంతి వచ్చినా మందు డబ్బా చేతబట్టుకొనే ఆసుపత్రికి పో.

పెరట్లో వేప కింద పుట్ట ఉండాది. లెక్క ప్రకారం ఘనమీటరు పుట్టకు నాలుగు లీటర్లు పోస్తారు. నాగుల చవితికి మీ అమ్మ పాలు పోసే పుట్ట అది. తవ్వమని నేను చెప్పను, మందోళ్లనూ ముట్టుకోనియ్యొద్దు. దాని వైపు గోడకు బొక్కలు తొమ్మిది అంగుళాలకొకటి వేయించు, చాలు. పుట్టలో చెయ్యి పెట్టి చూసే సరదా మాత్రం వద్దు, చిన్నప్పుడు ఒకసారి పెట్టబోయినావు.

కొయ్యకు ఎక్కువ చెప్పను. దంతెల్ని స్క్రూడ్రైవరు పిడితో తట్టి, అనుమానం ఉన్నచోట మొనతో పొడిచి చూడు. చేవ గట్టిగా ఉంటే అంచుల్లో తెల్లకొయ్య పోయినా దంతె నిలుస్తాది. ద్వారబంధం కొత్తది పెట్టేటట్టయితే కొయ్య కాళ్లు నేలలో దిగకుండా రాతి గడప మీద నిలబెట్టించు.

పని అయినాక బొక్కలు ఎక్కడెక్కడ వేసినారో ఇంటి పటం మీద గుర్తులు పెట్టించి సంతకం తీసుకో. రేపు కొళాయోడు వచ్చి తవ్వుతానంటే ఆ పటమే అడ్డం పెట్టాల.

ఈ జాబు అందిన రోజే టేపు తీసుకొని బావి ఒర నుంచి వంటింటి గోడ దాకా కొలువు. ఆ అంకె నాకు ఫోన్ చేసి చెప్పు. గాజు ముక్కలు మన ఇంట్లోనే ఉండాయి, పాత ఫోటో చట్రాలవి, ఆదివారం బస్సులో పంపిస్తా. అడ్వాన్సు తిరిగి ఇచ్చేది లేదని మందోళ్లు అంటే నాతో మాట్లాడమను.

నీ మామ