మా ఎంపీ ఏ బిల్లుకు ఎలా ఓటేశారో, సభకు ఎన్ని రోజులు వెళ్లారో, ఆస్తులెంతో ఎక్కడ చూడాలి?

ముందు ఓటు సంగతి చెప్తాను, అక్కడే ఆశలు పెట్టుకోవద్దు కాబట్టి. లోక్‌సభలో చాలా బిల్లులు మూజువాణి ఓటుతోనే, అంటే సభ్యులు నోటితో అవును, కాదు అనడంతోనే గట్టెక్కుతాయి. ఎవరేమన్నారో పేర్లవారీగా నమోదు కాదు. మన రాష్ట్రాన్ని విడగొట్టిన బిల్లే చూడండి. 2014 ఫిబ్రవరి 18న మూజువాణితోనే అయిపోయింది, అదీ టీవీ ప్రసారం ఆగిపోయి ఉండగా! సభ్యులు పట్టుబట్టి డివిజన్ (ఓట్లు లెక్కించడం) అడిగితేనో, రాజ్యాంగ సవరణ బిల్లుకు అది తప్పనిసరి అయితేనో ఎవరెటు ఓటేశారో తేలుతుంది. 2023లో మహిళా రిజర్వేషన్ బిల్లుకు 454–2 అని లెక్క తేలింది అది రాజ్యాంగ సవరణ కాబట్టే. అప్పుడైనా విప్ (ఇలాగే ఓటేయాలన్న పార్టీ ఆదేశం) ఉంటే అది పార్టీ ఓటే. ధిక్కరిస్తే పదవికే ఎసరు.

హాజరు పీఆర్ఎస్ అనే, చట్టసభల పనితీరు లెక్కలు పెట్టే సంస్థ సైట్‌లో దొరుకుతుంది. మంత్రులు రిజిస్టర్‌లో సంతకం పెట్టనక్కర్లేదు, వాళ్లకు ఖాళీ కనిపిస్తే డుమ్మా కొట్టారనుకోకండి. మిగతావాళ్లు హాజరు వేసుకుని వెళ్లిపోయినా ఆ రోజుకు హాజరే. అందుకే నేను శాతం చూడటం మానేసి ప్రశ్నలు చదువుతాను. మా రైల్వే గేటు దగ్గర వంతెన గురించి మా ఎంపీ గట్టిగా అడిగారని ఇక్కడ ఫ్లెక్సీలు కట్టారు. లోక్‌సభ సైట్‌లో ఆయన పేరుతో వెతికితే ప్రశ్న నిజంగానే ఉంది. కింద మంత్రి జవాబు: రాష్ట్రం తన వాటా ఖర్చుకు ఇంకా ఒప్పుకోలేదని. ఆ ముక్క మాత్రం ఫ్లెక్సీలో లేదు లెండి.

ఆస్తులకు నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్ చాలు. అభ్యర్థుల అఫిడవిట్లను ఒకచోట పెట్టే మైనేత (MyNeta) సైట్‌లో పాతవీ ఉంటాయి. 2019ది, 2024ది పక్కపక్కన తెరవండి. మొత్తం ఎన్ని కోట్లు పెరిగిందని పేపర్లు రాస్తాయి, మీరు సర్వే నంబర్లు చూడండి. పాత భూమికే రేటు పెరిగిందా, కొత్తగా కొన్నారా అన్నది అక్కడే తెలుస్తుంది. కొత్త నంబరు కనిపిస్తే కొన్న తేదీ, కొన్న ధర కూడా అందులోనే రాసి ఉంటాయి. భార్య, పిల్లల పేర్ల మీద ఉన్న వరసలు వదలొద్దు. ఐదేళ్ల ఐటీ రిటర్న్‌లలో చూపిన ఆదాయంతో పోల్చితే లెక్క కుదిరిందో లేదో మీకే అర్థమవుతుంది.

ఎమ్మెల్యే అయితే అఫిడవిట్ ఇలాగే దొరుకుతుంది. హాజరు వివరాలు కనిపించకపోతే శాసనసభ కార్యాలయానికి ఆర్టీఐ పెట్టండి, ఏ సమావేశాలో తేదీలతో సహా రాసి.