ఫోల్డర్‌కి వరస తెలీదు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల ఫైళ్లు అందాయి. పన్నెండు అధ్యాయాలూ ఉన్నాయి కానీ, నా దగ్గర 1 తర్వాత 10, 11, 12 వచ్చి, అప్పుడు 2 వచ్చింది. పదో అధ్యాయంలో చనిపోయినవాడు తర్వాత వచ్చిన రెండో అధ్యాయంలో నవ్వుతూ తలుపు తీశాడు!

నీ కంప్యూటర్లో సరిగ్గానే కనిపించి ఉంటాయిలే. విండోస్ ఎక్స్‌ప్లోరర్ ఎక్స్‌పీ కాలం నుంచీ పేర్లలోని అంకెల్ని సంఖ్యలుగా చదువుతోంది. ఫోల్డర్‌లోని పేర్లు చూడ్డానికి నేను వాడే 'ఎల్ఎస్' కమాండ్ మామూలుగా అలా చదవదు. ఒక్కో గుర్తునే పోల్చుకుంటూ పోతుంది. '10'లో మొదటిది 1, '2'లో మొదటిది 2, కాబట్టి 10 ముందు. 01, 02 అని పెట్టుకుంటే ఈ గొడవ పోతుంది.

అయితే సున్నాలు పెట్టి కూడా నేనొకసారి దెబ్బతిన్నాను. అధ్యాయాలన్నీ ఒక్క ఫైల్‌గా కలపడానికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నాలుగు లైన్ల ప్రోగ్రాం రాసుకున్నాను. ఫోల్డర్‌లోని పేర్లు తెచ్చిచ్చే 'లిస్ట్‌డిర్' ఇచ్చిన పేర్లను ఇచ్చినట్టే తీసుకుని కలపడం, అంతే దాని పని. నా విండోస్ ల్యాప్‌టాప్‌లో ఏళ్ల తరబడి బాగానే నడిచింది. ఒకరోజు పుస్తకం పేజీలు కట్టేవాళ్ల లినక్స్ కంప్యూటర్లో అదే ప్రోగ్రాం నడిపాను. 07 తర్వాత 03, దాని వెనక 11. ప్రూఫు చేతికొచ్చేదాకా నాకు తెలీనే లేదు.

తప్పు వాళ్లది కాదు. డిస్కు మీద ఫైళ్లను దాచే ఏర్పాటుని ఫైల్ సిస్టం అంటారు. విండోస్‌లోని ఫైల్ సిస్టం ఎన్‌టీఎఫ్‌ఎస్ పేర్లను బీ-ట్రీ అనే కొమ్మల అమరికలో అక్షరక్రమంలోనే దాచుకుంటుంది, అందుకని అడగ్గానే వరసగా ఇచ్చింది. లినక్స్‌లోని ఎక్స్ట్4 అనే ఫైల్ సిస్టం పేరు నుంచి ఒక హాష్ సంఖ్య లెక్కగట్టి, ఆ సంఖ్యల క్రమంలో ఇస్తుంది. ఆ లెక్కలో ఒక్కో డిస్కుకీ దాని సొంత రహస్య సంఖ్య కలుస్తుంది. అంటే అవే పేర్లు రెండు లినక్స్ కంప్యూటర్లలో రెండు రకాలుగా రావచ్చు. 'ఎల్ఎస్'లో వరస కనిపిస్తోందంటే అది తనే సర్దుకుని చూపిస్తోందన్నమాట. 'ఎల్ఎస్ -యు' (ఇంగ్లీషు పెద్ద అక్షరం U) అని కొట్టి చూడు, సర్దకుండా ఉన్నదున్నట్టు చూపిస్తుంది. ఫైల్ సిస్టం ఫలానా వరసలోనే ఇవ్వాలని యునిక్స్ తరహా సిస్టంల కోసం రాసిన పోసిక్స్ ప్రమాణం కూడా ఎక్కడా చెప్పలేదు. నా ప్రోగ్రాంలో వరసగా సర్దమని చెప్పే 'సార్టెడ్' అనే ఒక్క మాట చేరిస్తే సరిపోయింది.

కథలు చదివి రికార్డు చేసి పెన్‌డ్రైవ్‌లో వేస్తే స్పీకర్ తన ఇష్టమొచ్చినట్టు వినిపిస్తోందని రాశావు. దాని ఇష్టం కాదు, నువ్వు కాపీ చేసిన వరస అది. పెన్‌డ్రైవ్‌లలో తరచుగా ఉండే ఫైల్ సిస్టం ఫ్యాట్‌లో డైరెక్టరీ (ఫోల్డర్) అంటే 32 బైట్ల గళ్లు వరసగా ఉన్న పట్టిక. తెలుగు పేరైతే ఒక్క గడి చాలదు, ప్రతి 13 గుర్తులకూ ఇంకో గడి కావాలి. ఫైల్ చెరిపేస్తే గడి మొదటి బైటులో ఒక గుర్తు పడుతుంది, ఆ చోటు తర్వాత వచ్చే ఫైల్‌కి దొరకొచ్చు. అందుకే మూడో కథ దిద్ది మళ్లీ వేస్తే అది ఎక్కడ కూర్చుంటుందో చెప్పలేం. చాలా చవక ప్లేయర్లు ఆ గళ్లను పైనుంచి కిందికి చదువుతూ పోతాయి. పెన్‌డ్రైవ్ మొత్తం ఖాళీ చేసి, ఒక్కో కథే వరసగా కాపీ చెయ్యి.

అంకెలు తీసేసి తెలుగు శీర్షికలే ఫైల్ పేర్లుగా పెడతానంటున్నావు. వద్దనను గానీ, మన వర్ణమాల మీద భరోసా పెట్టుకోకు. కంప్యూటర్లో ఒక్కో అక్షరానికీ ఒక కోడ్ సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో ళ స్థానం ల తర్వాత, వ కంటే ముందు. కోడ్ సంఖ్యల ప్రకారం సర్దే ప్రోగ్రాంలో 'కళ' ముందొచ్చి 'కవి' తర్వాతొస్తుంది. బళ్లో నేర్చుకున్న వరసలో ళ ఎక్కడో హ తర్వాత కదా! క్ష అయితే వెళ్లి క గుంపులో కూర్చుంటుంది.

నేనిప్పుడు ఫోల్డర్‌లో 'వరస' అని ఒక టెక్స్ట్ ఫైల్ పెట్టుకుంటున్నాను, లైనుకొక అధ్యాయం పేరు. కలిపే ప్రోగ్రాం దాన్నే చదువుతుంది. ఈసారి నువ్వూ అలాంటిదొకటి పెట్టి పంపు. అన్నట్టు, ఏడో అధ్యాయం చివరి పేరా తీసెయ్. ఆ సంగతి ఆరోదాంట్లోనే చెప్పేశావు.

ఉంటాను.